కొమ్ములు లేని మూస్

చిరంజీవులారా,

ఈ నెల చీమల సంగతి చెబుతానని మీకు మాట ఇచ్చాను. కాని మధ్యలో ఒక జాబు వచ్చి చీమలను పక్కకు నెట్టింది. చీమలు ఎక్కడికీ పోవు గనక వాటిని వచ్చే నెలకు ఉంచుదాం.

ఆ జాబు రాసింది ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి. వాళ్ళ నాన్నగారి ఉద్యోగం మూలంగా ఇంటిల్లిపాదీ అమెరికా ఉత్తరపు కొసన ఉన్న అలాస్కా రాష్ట్రంలో, యాంకరేజ్ పట్నంలో ఉంటున్నారు. జాబుతో ఒక ఫోటో కూడా పంపింది. జాబు ఇదీ:

“మాస్టారు తాతగారికి నమస్కారాలు. జనవరిలో ఒక రోజు పొద్దున లేచి చూస్తే మా పెరట్లో పెద్ద మూస్ నిలబడి చెట్టు రెమ్మలు తింటున్నది. నేను కిటికీలోంచి చూశాను. నాన్న ఫోటో తియ్యటానికి బయటికి వెళ్ళారు. దానికి కొమ్ములు లేవు. ‘కొమ్ములు లేవు గనక ఆడది, ఏమీ చెయ్యదు’ అన్నారు నాన్న. పక్కింటి పెద్దాయన మాత్రం అది మగదే అన్నారు. ఎవరి మాట నిజం?”

ఈ జాబు చదివి నేను కొంచెంసేపు ఊరికే కూర్చుండిపోయాను. కారణం చెబుతాను. ముప్ఫై ఏళ్ళ క్రితం నేను ఏడో తరగతికి సామాన్యశాస్త్రం చెబుతూ ఉండగా, గోడకు ప్రపంచ జంతువుల పటం ఒకటి వేలాడుతూ ఉండేది. అందులో మూస్ బొమ్మ చూపించి, “కొమ్ములున్నది మగది, లేనిది ఆడది. రాసుకోండి” అన్నాను. వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, “అయితే మాస్టారూ, జింకలకు కొమ్ములు రాలిపోతాయన్నారు గదా! రాలిపోయినప్పుడు అన్నీ ఆడవైపోతాయా?” అని అడిగాడు. క్లాసంతా ఘొల్లున నవ్వింది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పటానికి ఆ రోజున నోరు రాలేదు. “అధిక ప్రసంగం కట్టిపెట్టి కూర్చో” అన్నాను. వాడు కూర్చున్నాడు. తరవాత ఆ ఏడాదంతా వాడు మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అంచేత ఈ నెల జాబు ఇద్దరికి: యాంకరేజ్‌లో ఉన్న అమ్మాయికి, ఎక్కడున్నాడో తెలియని ఆ వెనక బెంచీ కుర్రవాడికి.

ముందు అసలు మూస్ అంటే ఏమిటో చూద్దాం. మన నల్లమల అడవుల్లో చుక్కల దుప్పి ఉన్నది, దానికంటె పెద్దదైన కణుజు ఉన్నది. మూస్ కూడా ఆ జింకల కుటుంబంలోదే. కాని ఆ కుటుంబం మొత్తం మీద ఇంత పెద్దది మరొకటి లేదు. ఉత్తరాన మంచుపడే అడవుల్లో, అంటే అలాస్కా, కెనడా, స్వీడన్, నార్వే, ఫిన్లండ్, రష్యా దేశాల్లో ఇది తిరుగుతుంది. యూరప్‌లో దీన్ని ఎల్క్ అంటారు. అమెరికాలో ఎల్క్ అంటే వేరొక జింక. పుస్తకాలలో ఈ రెంటినీ కలిపేసి రాసినవాళ్ళున్నారు గనక మీరు జాగ్రత్తగా చూసుకోవాలి. మూస్ అనే పేరు అమెరికా తూర్పు తీరపు ఆదివాసుల భాషల నుంచి వచ్చింది. ‘ఒలుచుకు తినేది’ అని దాని అర్థం. చెట్ల బెరడు, లేత రెమ్మలు ఒలుచుకు తింటుంది గనక ఆ పేరు.

ఇక దాని పరిమాణం. అంకెలు చెబితే మీరు వెంటనే మరిచిపోతారు. ఒక పని చెయ్యండి. మీ ఇంటి గుమ్మం పక్కన గోడ మీద సుద్దముక్కతో నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఒక గీత గియ్యండి. అది మన ఒంగోలు ఎద్దు మూపు ఎత్తు. దాని పైన ఆరడుగుల దగ్గర మరొక గీత గియ్యండి. అలాస్కాలో పెద్ద మగ మూస్ మూపు ఆ గీతను అందుకుంటుంది. బాగా బలిసినవి ఆ గీతను దాటుతాయి కూడా. ఏడడుగుల దాకా ఉన్నవీ ఉన్నాయి. మూపు సంగతే నేను చెబుతున్నది. తల, కొమ్ములు ఇంకా పైన ఉంటాయి. అది మీ గుమ్మంలోంచి లోపలికి రావాలంటే మోకాళ్ళ మీద రావాలి! (గోడ మీద గీతలు గీసినందుకు అమ్మగారు కోప్పడితే, మాస్టారు గియ్యమన్నారని చెప్పండి.)

బరువు సంగతి చూస్తే, అలాస్కా మగ మూస్ 540 కిలోల నుంచి 725 కిలోల దాకా తూగుతుంది. ఆడది 360 నుంచి 590 కిలోల దాకా ఉంటుంది. ఈ అంకెలను మరొకసారి చూడండి. పెద్ద ఆడది చిన్న మగదాని కంటె బరువుగా ఉండవచ్చునన్నమాట. అందుకని “పెద్దది గనక మగది” అనటానికి కూడా వీలులేదు. ఇతర చోట్ల మూస్‌లు అలాస్కావాటి కంటె కొంత చిన్నవి.

దీని పరిమాణం గురించి ఒకప్పుడు పెద్ద తగువే జరిగింది. పద్ధెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో బ్యూఫాన్ అనే గొప్ప ప్రకృతి శాస్త్రవేత్త ఉండేవాడు. అమెరికా నేల చల్లనిది, చెమ్మగలది, అందుచేత అక్కడి జంతువులు పాత ప్రపంచపు జంతువుల కంటె చిన్నవిగానే ఉంటాయి అని ఆయన రాశాడు. అప్పట్లో పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్నవాడు థామస్ జెఫర్సన్, తరవాత అమెరికా అధ్యక్షుడైనవాడు. ఆయనకీ మాట ముల్లులాగా గుచ్చుకున్నది. వాదించి లాభం లేదు, చూపించాలి అనుకుని, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మిత్రుడు జాన్ సల్లివాన్‌కు ఒక పెద్ద మూస్‌ను పంపమని రాశాడు. 1787 మార్చిలో, చలికాలపు చివర, మనుషులు వెళ్ళి మూస్‌ను వేటాడి, మంచులో దారి చేసుకుంటూ రెండు వారాలపాటు ఈడ్చుకువచ్చారు. దాని చర్మం, ఎముకలు ఓడ మీద పారిస్ చేరాయి. సముద్రం దాటేసరికి వెంట్రుకలు చాలా వరకు రాలిపోయాయి. చిత్రమేమంటే, పెట్టెలో వచ్చిన కొమ్ములు ఆ మూస్‌వి కావు! అవి వేరే జింకలవనీ, కావలిస్తే దీనికి తగిలించుకోవచ్చుననీ సల్లివాన్ ఉన్న మాట రాసేశాడు. పాపం జెఫర్సన్ ఆ ఏడు అక్టోబరులో దాన్ని బ్యూఫాన్‌కు పంపుతూ, “కొమ్ములు చిన్నవి, ఏమీ అనుకోవద్దు” అన్న ధోరణిలో ఉత్తరం జతచేశాడు. ఆరేడు నెలలు తిరక్కుండానే బ్యూఫాన్ చనిపోయాడు.

ఈ కథలో మార్చి నెల అన్న మాటను గుర్తుపెట్టుకోండి. దాని అవసరం మళ్ళీ వస్తుంది.

మూస్‌ను మొదటిసారి చూసినవాళ్ళకు అది నాలుగు జంతువులను కలిపి కుట్టినట్టు కనిపిస్తుంది. కాళ్ళు ఒంటె కాళ్ళలాగా పొడుగు. మూపు మన ఎద్దు మూపురంలాగా ఎత్తు. మూతి పొడుగ్గా, పైపెదవి కిందికి వేలాడుతూ ఉంటుంది. గొంతు కింద తిత్తిలాగా ఒక చర్మం వేలాడుతూ ఉంటుంది. మన ఆవులకు ఉండే గంగడోలును తలుచుకోండి, కాని ఇది గొంతు పొడుగునా ఉండదు, ఒకేచోట గంటలాగా వేలాడుతుంది. అక్కడివాళ్ళు దాన్ని గంట అనే అంటారు. ఇది ఆడదానికీ ఉంటుంది, మగదానికీ ఉంటుంది. మగదానికి పెద్దది.

పొడుగు కాళ్ళు ఎందుకంటే, మూడడుగుల మంచులో కూడా పొట్ట తగలకుండా నడవటానికి. కాని ఒక చిక్కు వచ్చింది. కాళ్ళు పెరిగినంత మెడ పెరగలేదు. నేల మీద గడ్డి మెయ్యాలంటే మూస్ ముందు మోకాళ్ళ మీద వంగాలి. అందుకే అది గడ్డి జోలికి ఎక్కువగా పోదు. తల ఎత్తున అందే విల్లో, బర్చ్ చెట్ల ఆకులు, రెమ్మలు తింటుంది. ఆవులాగానే దానికి పైదవడకు ముందు పళ్ళు లేవు. పెదవితో రెమ్మను పట్టి సర్రున లాగుతుంది. ఆవులాగానే నెమరు కూడా వేస్తుంది. ఎండాకాలంలో రోజుకు ఇరవై, పాతిక కిలోల మేత కావాలి.

ఆ కాలంలో అది చెరువుల్లో దిగి నీటి మొక్కలు తింటుంది. దీనికి కారణం ఉప్పు. చెట్ల ఆకుల్లో ఉప్పు బహు తక్కువ, నీటి మొక్కల్లో ఎక్కువ. మన ఊళ్ళల్లో పాడిపశువుల కుడితిలో ఉప్పు వేస్తారు చూడండి, అదే అవసరం. మూస్‌కు కుడితి పెట్టేవాళ్ళు లేరు గనక అది మునిగి తెచ్చుకుంటుంది. పదిహేను అడుగుల లోతుకు కూడా మునుగుతుంది. ముక్కుపుటాలు నీటిలో వాటంతట అవే మూసుకుపోతాయి. చలికాలంలో చెరువులు గడ్డకడితే ఉప్పు కోసం రోడ్ల మీదికి వస్తుంది, ఎందుకంటే మంచు కరగటానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కార్లకు అంటుకుంటే కార్లనే నాకుతుంది. కెనడాలోని జాస్పర్ జాతీయవనంలో 2020లో “మీ కార్లను మూస్‌ల చేత నాకించవద్దు” అని బోర్డులే పెట్టవలసి వచ్చింది.

మూస్‌కు చలి అంటే లెక్కలేదు. దాని పైవెంట్రుకలు లోపల గుల్లగా ఉంటాయి, గాలి నిండిన ఆ వెంట్రుకలే కంబళి. దానికి గిట్టనిది వేడి. చలికాలపు బొచ్చుతో ఉన్నప్పుడు గాలి సున్నాకు ఐదు డిగ్రీలు కిందకంటె వెచ్చబడితేనే దానికి ఉక్కపోస్తుంది. ఎండాకాలంలో పద్నాలుగు డిగ్రీలు దాటితే ఆయాసం మొదలవుతుంది. మనకు పద్నాలుగు డిగ్రీలంటే సంక్రాంతి భోగిమంట ముందు కూర్చునే చలి!

మేన్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో చలికాలాలు పొట్టివైపోతూ ఉండటంతో మరొక ఆపద వచ్చింది. అది పిడుదులు. మంచు ఆలస్యంగా పడితే, మూస్‌ల ఒంటికి ఎక్కటానికి పిడుదులకు ఎక్కువ రోజులు దొరుకుతాయి. ఒక్క మూస్ ఒంటి మీద పదుల వేల పిడుదులు ఉంటాయంటే నమ్ముతారా? పెద్దవి చెట్లకు రుద్దుకుని, వెంట్రుకలు ఊడి, బూడిదరంగుకు తిరిగి, ఎట్లాగో బతుకుతాయి. ఏడాది నిండని పిల్లలు నెత్తురు పోయి చనిపోతాయి. కొన్ని ఏళ్ళల్లో, పరిశీలన కోసం మెడలో పట్టీలు కట్టిన పిల్లల్లో సగానికి పైగా వసంతం చూడకుండానే పోయాయి.

ఇప్పుడు కొమ్ముల సంగతికి వద్దాం. తెలుగులో మనం ఎద్దుకూ జింకకూ ఒకే మాట, ‘కొమ్ము’ అంటాం. కాని రెండూ ఒకటి కాదు. ఎద్దు కొమ్ము లోపల ఎముక, పైన గోరులాంటి డొల్ల. అది ఒకసారి మొలిస్తే జన్మంతా ఉంటుంది. జింక కొమ్ము పూర్తిగా ఎముక. ఏడాదికొకసారి రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది, మోదుగ చెట్టు ఆకు రాల్చి మళ్ళీ తొడిగినట్టు. జింకల్లో ఆడదానికి కూడా మామూలుగా కొమ్ములుండేది రెయిన్‌డీర్ అనే ఒక్క జాతికే. మూస్‌లో కొమ్ములు మగదానివే.

ఏప్రిల్, మే నెలల్లో మగ మూస్ నెత్తిన, చెవులకు ముందు, రెండు బుడిపెలు బయలుదేరుతాయి. వాటి మీద మఖమలు గుడ్డలాంటి మెత్తని చర్మం ఉంటుంది. ఆ చర్మంలో నెత్తురు పారుతూ ఉంటుంది గనక కొమ్ము ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, దెబ్బ తగిలితే నెత్తురు కారుతుంది. మంచి దశలో రోజుకు అంగుళం దాకా పెరుగుతుందంటే, జంతువుల ఎముకల్లో ఇంత వేగంగా పెరిగేది మరొకటి కనిపించదు. దానికి కావలసిన సున్నం మేతలోంచి చాలదు. అందుకని ఒళ్ళు తన పక్కటెముకల్లో నుంచే కొంత తీసి కొమ్ములకు అప్పు ఇస్తుంది. ఆగస్టుకు కొమ్ములు పూర్తవుతాయి. అరచేతిలాగా వెడల్పుగా, అంచున వేళ్ళలాగా మొనలతో ఉంటాయి. పెద్దవాటికి ఈ కొస నుంచి ఆ కొసకు ఆరడుగుల వెడల్పు ఉంటుంది. మన ఇంటి నవారు మంచం పొడుగన్నమాట! బరువు ఇరవై, ముప్పై కిలోలు. బియ్యపు బస్తా తలమీద పెట్టుకుని అడవిలో చెట్ల మధ్య నడుస్తున్నట్టు ఊహించుకోండి.

ఆగస్టు ఆఖరున పగళ్ళు పొట్టివవుతూంటే ఒంట్లో మార్పు వచ్చి, మఖమలు చర్మం ఎండుతుంది. మూస్ పొదలకు రుద్ది దాన్ని పీలికలుగా ఊడదీస్తుంది. సెప్టెంబరు, అక్టోబరులలో జత కట్టే కాలం. ఆ రోజుల్లో మగవి కొమ్ములు చూపించి ఒకదానినొకటి బెదిరించుకుంటాయి. రెండూ సమవుజ్జీలైతే కలియబడతాయి. ఆ పోరు ధ్యాసలో కొన్నాళ్ళు మేత కూడా ముట్టవు. ఆడది దూరాన ఉండి దీర్ఘంగా మూలుగుతుంది. ఆ పిలుపు వినటానికి కూడా కొమ్ములు సాయపడతాయని 2008లో బుబెనిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపారు. కృత్రిమమైన చెవిని చేసి, కొమ్ముల పక్కన పెట్టి కొలిస్తే చప్పుడు దాదాపు 19 శాతం ఎక్కువ తగిలింది. బాగా వినపడనివాళ్ళు చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టుకుంటారు చూడండి, అదే పద్ధతి.

జత కట్టే కాలం అయిపోగానే కొమ్ముల పని తీరిపోతుంది. తల ఎముకకు కొమ్ముకు మధ్య ఉన్న అతుకు లోలోపల కరుగుతుంది. ఒక రోజు ఏ చెట్టుకో తగిలి ఒక కొమ్ము ఊడి పడుతుంది. రెండోది అదే రోజునో, నాలుగు రోజులకో పడుతుంది. మధ్యలో ఆ మూస్ ఒంటికొమ్ముతో తల ఒక పక్కకు వాల్చి తిరుగుతుంది. ముందుగా రాల్చేవి వయసు మీరిన పెద్ద మగవి. నవంబరు, డిసెంబరులలోనే వాటి తల బోడి అవుతుంది. కుర్రవి కొన్ని ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచుకుంటాయి. పడిన కొమ్ములు కూడా వృథా పోవు. ఎలుకలు, ఉడతలు, ముళ్ళపందులు వాటిని కొరికి తింటాయి. పక్కటెముకల నుంచి అప్పు తీసిన సున్నం ఆఖరుకు ఎలుకల పళ్ళకు చేరుతుంది.

ఇప్పుడు వెనక బెంచీ కుర్రవాడి ప్రశ్న చూడండి. జనవరిలో అడవికి పోయి, కొమ్ములున్నవన్నీ మగవి, లేనివన్నీ ఆడవి అని లెక్క వేస్తే ఏమవుతుంది? అడవిలో అన్నిటికంటె పెద్ద మగవాటినే ఆడవని రాసుకుంటాం! పారిస్ వెళ్ళిన మూస్‌ను వేటాడినది కూడా మార్చిలోనే. ఆ రోజుల్లో అడవిలో తలమీద నిండుగా కొమ్ములున్న పెద్ద మగ మూస్ దొరకటం కష్టం.

ఇది క్లాసులో నవ్వుకునే సంగతి మాత్రమే కాదు. అలాస్కాలో మూస్‌లు 1,75,000 నుంచి 2,00,000 దాకా ఉన్నాయని అక్కడి ప్రభుత్వశాఖ అంచనా. పల్లెల్లో చాలా కుటుంబాలకు చలికాలపు తిండి మూస్ మాంసమే. ఒక పెద్ద మూస్‌తో రెండు వందల కిలోల పైన మాంసం వస్తుంది. ఏ ప్రాంతంలో ఎన్నిటిని వేటాడనివ్వాలో నిర్ణయించటానికి, మంచు పడ్డాక చిన్న విమానాల్లో ఎగురుతూ మూస్‌లను లెక్కిస్తారు. నూరు ఆడవాటికి మగవి ఎన్ని, పిల్లలు ఎన్ని అన్నది ముఖ్యం. లెక్క కోసం ఒక అడవి అనుకుందాం. నూరు ఆడవి, ముప్పై మగవి, ముప్పై పిల్లలు. మగవాటిలో ఇరవై కొమ్ములు రాల్చేశాయి. విమానంలో ఉన్నవాడు నాలాంటి మాస్టారి దగ్గర చదువుకున్నవాడైతే, ఆడవి 120, మగవి 10 అని రాసుకుంటాడు. నూరు ఆడవాటికి ముప్పై ఉండవలసిన మగవి ఎనిమిదికి పడిపోయాయి, పిల్లలు పాతికకు దిగాయి. లేని కరువు కనబడుతుంది, వేట ఆపేస్తారు, ఊళ్ళో జనం చలికాలపు తిండి లేక ఇబ్బంది పడతారు. లేదా, ఆడవి బోలెడున్నాయి గదా అని వాటిని వేటాడనిస్తారు. అది ఇంకా చెడ్డ సంగతి. అందుకే సాధారణంగా కొమ్ములు రాలకముందే, చలికాలం మొదట్లోనే లెక్క తెముల్చుకుంటారు.

ఆడవి ఎంత ముఖ్యమో తెలియటానికి ఒక్క సంగతి చాలు. కెనడాలోని న్యూఫౌండ్‌లండ్ దీవికి 1904లో నాలుగు మూస్‌లను తెచ్చి వదిలారు. రెండు ఆడవి, రెండు మగవి. ఇవాళ అక్కడ లక్షకు పైగా ఉన్నాయి!

మరి లెక్క ఆలస్యమై, కొమ్ములు రాలిన తరవాత లెక్కించవలసివస్తే ఎట్లా? అప్పుడు చూసే గుర్తులు వేరే ఉన్నాయి. విమానం లోంచి చూసేవాళ్ళు ముఖ్యంగా తోక కింద చూస్తారు. ఆడ మూస్‌కు అక్కడ తెల్లని వెంట్రుకల మచ్చ ఒకటి స్పష్టంగా కనబడుతుంది, మగదానికి ఉండదు. రెండోది ముఖం రంగు. మగదాని మూతి, ముక్కు నల్లగా, ముదురు గోధుమరంగుతో ఉంటాయి. ఆడదాని ముఖం ఎర్రచాయగా, లేత గోధుమరంగుగా ఉంటుంది. మూడోది నెత్తి మీద గుర్తు. కొమ్ము ఊడిన చోట, కంటికీ చెవికీ మధ్య, రూపాయి బిళ్ళలాంటి మచ్చ రెండు పక్కలా ఉంటుంది. గొంతు కింద గంట పెద్దదా చిన్నదా అన్నది కూడా చూస్తారు గాని దాన్ని నమ్మటం కష్టం. చలి ముదిరితే దాని కొస గడ్డకట్టి ఊడిపోతుంది కూడా. పక్కన పిల్ల ఉంటే ఇక చూడనే అక్కరలేదు, అది తల్లి.

పిల్లలు మే, జూన్ నెలల్లో పుడతాయి. కవలలు మామూలే. పుట్టినప్పుడు బరువు పదమూడు నుంచి పదహారు కిలోలు. దుప్పి పిల్లలకు ఉన్నట్టు చుక్కలుండవు, ఎర్రగా ఉంటాయి. ఐదు నెలలకల్లా నూట ముప్పై కిలోలు దాటుతాయి! ఇదంతా తల్లి ఒక్కతే పెంచుతుంది. తండ్రి వాటి ముఖమే చూడదు. ఎలుగులు, తోడేళ్ళు పిల్లల కోసం కాచుకుని ఉంటాయి గనక తల్లి వాటిని ముందు కాళ్ళ గిట్టలతో కొడుతుంది. మరుసటి ఏడు కొత్త పిల్ల పుట్టే ముందు పాత పిల్లను తరిమేస్తుంది. అది కొన్నాళ్ళు దిక్కుతోచక తల్లి వెనకనే దూరంగా తచ్చాడుతూ ఉంటుంది. అందుకే మేలో రోడ్ల మీద ఒంటరి కుర్ర మూస్‌లు కనిపిస్తాయి.

అమ్మాయీ, ఇక్కడ మీ నాన్నగారికి ఒక మాట. “ఆడది, ఏమీ చెయ్యదు” అనుకోవటం తప్పు. 1995 జనవరిలో మీ యాంకరేజ్‌లోనే, విశ్వవిద్యాలయం ఆవరణలో, పిల్లతో ఉన్న ఆడ మూస్‌ను కొందరు మంచు ఉండలతో కొట్టి చాలాసేపు వేధించారు. ఏ పాపమూ ఎరగని ఒక పెద్దాయన అదే దారిన లోపలికి వెళ్ళబోతే అది తొక్కి చంపింది. చెవులు వెనక్కు వాల్చి, మూపు మీద వెంట్రుకలు నిక్కబొడిస్తే దానికి కోపం వచ్చిందని గుర్తు. అప్పుడు నిలబడి ఫోటో తియ్యకూడదు. పరుగెత్తి చెట్టు చాటుకో, గోడ చాటుకో పోవాలి. చలికాలంలో మేత చాలక అది అసలే నీరసంగా, చిరాకుగా ఉంటుంది. ఆడదైనా మగదైనా కిటికీలోంచి నువ్వు చూసినంత దూరం నుంచి చూడటమే మంచిది. ఈ జాబు నాన్నగారికి నువ్వే చదివి వినిపించు.

ఇక మీ ఫోటో. దాన్ని భూతద్దం పెట్టి చూశాను. మూస్ ఎదురుగా తిరిగి ఉన్నది గనక తోక కింద మచ్చ ఉన్నదో లేదో తెలియదు. పక్కన పిల్ల లేదు. ముఖం మాత్రం బొగ్గు పూసినట్టు నల్లగా ఉన్నది. ఎడమ చెవికి ముందు వెంట్రుకలు లేని గుండ్రని మచ్చ కనబడుతున్నది. కుడిపక్కన కొమ్మ అడ్డం వచ్చింది. మీ పక్కింటి పెద్దాయన చెప్పిందే నిజం, అది మగదే.

అదే మూస్ మళ్ళీ మీ పెరటికి రావచ్చును. మే నెలలో వస్తే, కిటికీలోంచే, ఆ మచ్చ ఉన్నచోట బుడిపె లేచిందేమో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు